కోడి రెక్క కొలత

అప్పట్లో నేను చిత్తూరు దగ్గర కోళ్ల ఫారంలో మేత వేసే పనిలో ఉండేదాన్ని. చదువు రాదు. గుడ్లు పెట్టడం మానేసిన కోడినొకదాన్ని యజమాని ఇస్తే, గంపలో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను. పక్కనున్న కళ్లద్దాలావిడ నన్నడిగి కోడిని ఒళ్లోకి తీసుకుంది. మెల్లగా రెక్కలు విప్పి, టైలరు టేపుతో కొలిచింది.

వెనక సీటాయన నవ్వాడు. "ఏమ్మా, కోడికి రవిక కుట్టిస్తావా?"

"సట్టం కుట్టిస్తానప్పా," అందామె. "గుడ్లు పెట్టే కోడికి రెక్క ఇప్పేంత సోటు ఇయ్యాలని సర్కారుకు అర్జీ రాస్తాండా. జాలి పడండంటే ఆఫీసరు వినడు. కొలత సెప్పాల."

రెక్కలు రెండూ విప్పితే మూరన్నర ఉంది. మూడేళ్లు మేత వేశాను గాని, కోడి అంత వెడల్పు ఉంటుందని నాకు తెలియదు.

"మా ఫారంలో మూరెడు గూట్లో నాలుగు కోళ్లుండాయక్కా," అనేశాను. అన్నాక భయమేసింది.

ఆమె నా వైపు చూసింది. "రాసుకోనా? మీ యజమానికి తెలిస్తే నీ పని పోతాదేమో. వద్దంటే రాయను."

కోడి ఇంకా రెక్క చాపుకునే ఉంది.

"రాయక్కా," అన్నాను.

రాసి చదివి వినిపించింది. నేను అన్నది అన్నట్టే ఉంది. కింద వేలిముద్ర వేశాను.

"నా మాట సర్కారు సదవతాదా?"

"సదవాల్సిందే. సూసినదానివి నువ్వు గదా."

ఆమె చంద్రగిరిలో దిగిపోయింది. ఆ చట్టం ఏమైందో నాకు తెలియదు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు పేపర్లో చట్టం అన్న మాట కనిపిస్తే, దాని కోసం ఎవరు ఏ బస్సులో కూర్చుని ఏం కొలిచారో అనుకుంటాను.