విజిల్ తర్వాత

ఫ్యాక్టరీలో రేకులు అచ్చుకొట్టే ప్రెస్ షాపులో అందరూ అతన్ని గోడ అనే పిలుస్తారు. షాపు ఫుట్‌బాల్ టీములో గోల్ ముందు నిలబడితే బంతి దాటిపోదని ఆ పేరు వచ్చింది. గోడలకు చెవులుంటాయంటారు గానీ ఈ గోడకు లేవు. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే: ఇంట్లో భార్యకూ, టీములో డిఫెండరుగా ఆడే ఆమె తమ్ముడికీ.

మీసాలు సరిగా రాని వయసులో షాపులో చేరాడు. రేకును అచ్చు మీద పెట్టాలి, పెడల్ తొక్కాలి, పైనుంచి ప్రెస్ ధన్‌మని పడుతుంది. మళ్లీ రేకు, మళ్లీ పెడల్. అటూ ఇటూ అలాంటి ప్రెస్సులే వరసగా పడుతుంటాయి. మొదట్లో ఇంటికొచ్చి పడుకున్నా తలలో మోత ఆగేది కాదు. చెవుల్లో పెట్టుకోవడానికి ఏమైనా ఇప్పించమని అడిగితే, "కొత్తలో అంతేలే, అలవాటైపోతుంది" అన్నాడు సూపర్‌వైజర్. ఆ ముక్క మాత్రం నిజమే. కొన్నేళ్లకు మోత పోయింది. దాంతోపాటు తలుపు చప్పుడూ పోయింది, వాన చప్పుడూ పోయింది, వెనకనుంచి "నాన్నా" అనే కూతురి పిలుపూ పోయింది.

దాచుకోవడంలో మాత్రం ఆరితేరాడు. ఎదుటివాళ్ల పెదాలు చూస్తాడు. అర్థం కాకపోతే "సరే" అంటాడు. అలా పక్కింటాయనకు సరే అన్నందుకు వాళ్ల కుక్క నెల్లాళ్లు వీళ్లింట్లో తిని, వీళ్ల మంచం కిందే పడుకుంది.

"మీ సరే పాడుగాను! రేపు ఎవడైనా పెళ్లాన్ని వదిలెయ్యమన్నా సరే అంటారు" అని భార్య తల పట్టుకుంది.

అతను ఆమె పెదాలు చూసి, "సరే" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వులు ఇంటి గడప దాటవు. ఒకప్పుడు కంపెనీ చెవులు పరీక్ష చేయించి, వినపడని ముసలివాళ్లను పనికి తగరని రాసి ఇంటికి పంపేసింది. తగకుండా చేసింది ఆ పనే కదా అని అడిగిన నాథుడు లేడు. ఆ తర్వాత షాపులో ఎవరూ చెవుల మాట ఎత్తలేదు. ఎవడి భయం వాడిది.

అలాంటి షాపు టీము కప్పు పోటీల్లో ఒక్కో మెట్టే ఎక్కి, పెద్ద క్లబ్బుతో వాళ్ల స్టేడియంలోనే ఆడాల్సిన రోజు వచ్చింది. పొట్టేలు కొండను ఢీకొనడమే అన్నారు చూసినవాళ్లంతా. వాళ్లకు ఆటే ఉద్యోగం. వీళ్లు రాత్రి షిఫ్టు దిగి అట్నుంచి అటే బస్సెక్కారు. ఇన్నేళ్లలో టీముకు ఒక్క బంతి కొనివ్వని మేనేజరు మాత్రం, పేపర్లో కంపెనీ పేరు పడేసరికి కోటు తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు.

ఆ స్టేడియం హోరుకే సగం టీములు ఓడిపోతాయట. పక్కవాడి కేక పక్కవాడికి వినపడదు. షాపువాళ్లకు అది లెక్కలోకి రాలేదు. ప్రెస్సుల మధ్య చేత్తో మాట్లాడుకోవడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. గోడ రెండు వేళ్లు ఎత్తితే డిఫెండర్లు కుడికి జరిగారు, గుప్పిట మూస్తే ముందుకురికారు. సగం ఆట అయ్యేసరికి ఒక్క గోలూ పడలేదు. జనం తమ ఆటగాళ్లనే తిట్టడం మొదలుపెట్టారు.

రెండో సగంలో క్లబ్బు కుర్ర ఫార్వర్డు బంతితో ఒంటరిగా దూసుకొచ్చాడు. ఆఫ్‌సైడ్ అని రిఫరీ విజిల్ ఊదాడు. కుర్రాడు ఆగిపోయాడు. గోడ ఆగలేదు. అతని కళ్లు బంతి మీదున్నాయి. నేల మీద జారుకుంటూ వెళ్లి బంతినీ, దానితోపాటు కుర్రాడి కాలునీ తన్నేశాడు.

లేచి చూసేసరికి చుట్టూ పిడికిళ్లు. రిఫరీ ముఖంలో ముఖం పెట్టి అడిగాడు: "విజిల్ వినపడలేదా?"

రిఫరీ భుజం వెనక బావమరిది పెదాలు కదిలాయి. "వినపడిందని చెప్పు బావా. మేనేజరు చూస్తున్నాడు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లేదంటే చెవిటివాడు, అవునంటే రౌడీ. రౌడీకైనా ఉద్యోగం ఉంటుందనుకున్నాడు.

"వినపడింది" అన్నాడు.

రెడ్ కార్డు పడింది. ప్రెస్సుల మోతకు దూరంగా స్టోర్సులో సామాన్లు ఇచ్చే సన్నటి మనిషి గ్లౌజులు తొడుక్కుని గోల్లో నిలబడ్డాడు. ఆ తర్వాత జరిగింది ఆట కాదు, చితకబాదుడు.

మ్యాచ్ అయ్యాక మేనేజరు టీమునంతా వైద్యం గదికి తోలుకెళ్లాడు. బల్ల మీద కుర్రాడు, ఉబ్బిన చీలమండ మీద ఐసు పెడుతున్న క్లబ్బు డాక్టరు. గోడ బల్లకు అవతల, తలుపుకేసి తిరిగి నిలబడ్డాడు. మిగతావాళ్లు బల్లకు ఇవతల, తలుపు వైపు వీపు పెట్టి నిలబడ్డారు.

"కంపెనీ పరువు తీశాడు. రేపటినుంచి ఈ రౌడీని గేటు లోపలికి రానివ్వను" అన్నాడు మేనేజరు డాక్టరుతో.

గోడ ఆ పెదాలు చదివాడు. అబద్ధం కూడా తనకు కూడు పెట్టలేదని అర్థమైంది. కుర్రాడి వైపు తిరిగాడు.

"బాబూ, కావాలని కొట్టలేదు. నాకు విజిల్ వినపడలేదు. ఏ విజిలూ వినపడదు. ప్రెస్సుల దగ్గర చెవులు పోయినయ్. నా ఒక్కడివే కాదు."

"కాలు విరగ్గొట్టి ఇప్పుడు చెవుల కథా?" అన్నాడు కుర్రాడు పళ్లు బిగబట్టి.

బావమరిది బల్ల మీదుగా అతని చొక్కా పట్టి గుంజాడు. "నీ నోట్లో మన్ను పడ! అందరి పొట్టా కొడతావా బావా?"

"మీ అక్క గొంతు విని ఎన్నేళ్లయిందో తెలుసా రా? నీకు మాత్రం ఎంత వినపడుతుందో చెప్పు."

బావమరిది చొక్కా వదిలేశాడు. డాక్టరు ఐసు తీసి పక్కన పెట్టాడు.

మేనేజరు తలుపు దగ్గరికి తప్పుకున్నాడు. బయటివాళ్ల ముందు గొంతు పెంచదలచుకోలేదు. నవ్వుముఖం పెట్టి, మెల్లగా అడిగాడు: "ఏమయ్యా, మీలో ఎవరికైనా వినపడకుండా ఉందా? ఉంటే చెప్పండి."

స్టోర్సు మనిషి తిరిగి చూశాడు. ఇంకెవరూ తిరగలేదు. చేతులు కట్టుకుని, కుర్రాడి కాలుకేసే చూస్తూ నిలబడ్డారు.

డాక్టరు మేనేజరును చూశాడు, అతనికేసి తిరగని ఆ మనుషులను చూశాడు. గోడ వాళ్లందరి ముఖాలూ చూస్తున్నాడు.

"ఏంటి బావా, అట్లా చూస్తున్నావ్?" అన్నాడు బావమరిది.

"మేనేజరు మిమ్మల్నేదో అడుగుతున్నాడు. వెనక్కి తిరగండి."