పెదనాన్న తాగిన నిమ్మకాయ నీళ్ళు

నయా రాయపూర్ సిగ్నల్ దగ్గర ముందు కారుకు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ చూసినప్పుడల్లా నాకు మా పెదనాన్న దగ్గు వినిపిస్తుంది.

నా చిన్నప్పుడు రాయపూర్ రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని తెలుగు క్రైస్తవులకు సండే స్కూలూ ఆయనే, తీర్పు దినమూ ఆయనే. ఒక విశ్వకర్మ పూజనాడు వ్యాగన్ వర్క్‌షాపులో మిషన్లకు బొట్లు పెట్టి, అక్కడ పనిచేసే నాన్నకు బూందీ పొట్లం ఇచ్చారు. నాన్న దాన్ని నాకిచ్చాడు. పెదనాన్న లాక్కుని వీధి మేకకు వేశాడు.

"విగ్రహానికి పెట్టింది తింటావేంట్రా? మోషే బంగారు దూడను పొడిచేసి, నీళ్ళల్లో కలిపి, మొక్కినోళ్ళ చేతే తాగించాడు, తెల్సా?"

మేకకు ఏ ఆజ్ఞా లేనట్టుంది, హాయిగా తింది.

సాయంత్రం పెదనాన్న కొత్త స్కూటర్ వచ్చింది. హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. ఇదీ విగ్రహం లాంటిదే అనుకున్నాను. దేవుడి కోపం నుంచి ఆయన్ని కాపాడాలి కదా! అన్నీ తెంపి, రోట్లో నూరి, నీళ్ళల్లో కలిపి గ్లాసు అందించాను. ఆయన ఒక్క గుక్కలో తాగేసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా దగ్గాడు.

"ఏం కలిపావురా?"

"మీ స్కూటర్‌కున్న విగ్రహం, పెదనాన్నా. ఇక దేవుడు మిమ్మల్ని ఏమీ అనడు."

"అరే, అది నేను కట్టలేదురా! షోరూం వాడే కట్టాడు!"

ఆ ఆదివారం ఆయన మాకు, ఆ దూడను చేసిన మోషే అన్న అహరోను కథ చెప్పాడు. దూడ ఎక్కడిదని మోషే అడిగితే, బంగారం నిప్పులో వేశానంతే, దూడ దానంతటదే వచ్చిందన్నాడట.

"ఎంత సిగ్గులేని సాకు!" అన్నాడు పెదనాన్న.

వెనక బెంచీ మీద నాన్నకు దగ్గొచ్చింది.

ఆయన భక్తి నాకిప్పుడు పెద్దగా గుర్తులేదు. బూందీ మాత్రం గుర్తుంది.