బండ మీద దేవుడు నన్ను అడిగించాడు

సహోదరులారా, ఈ సాక్ష్యం చెప్పడానికి మూడుసార్లు పేరిచ్చాను, మూడుసార్లూ సమయం లేదన్నారు, అందుకే సంఘ పత్రికకు రాస్తున్నాను, అయినా దేవునికే మహిమ!

నేను ప్రొద్దుటూరు నుంచి ఉద్యోగానికొచ్చి పుప్పాలగూడ హాస్టల్లో ఒక్కడినే ఉండేవాణ్ణి. ఆఫీసులో నా పుట్టినరోజు కేకు నా సీటు దాకా రాకముందే అయిపోయింది, మన సంఘంలో రెండేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నా నా పేరు అడిగినవారు లేరు, జ్వరంగా ఉందని యువజనుల నాయకుడు దానియేలుకు మెసేజ్ పెడితే చూసి కూడా జవాబివ్వలేదు. ఇవన్నీ తలచుకుంటూ శనివారమొస్తే తలుపేసుకుని తాగేవాణ్ణి. సోమవారం దాకా నా గొంతు నాకే వినిపించేది కాదు.

ఒక సెలవురోజు, బడిలో ఆటల టీచరైన మన మార్తక్క యువజనులను ఊరి బయట బండలెక్కించడానికి తీసుకెళ్లింది. నడుముకు తాడు, తలకు హెల్మెట్, బండ పైన కొక్కెంలోంచి కిందికి దింపిన ఆ తాడు రెండో కొసను కింద ఒకరు పట్టుకోవాలి. ఎక్కేవాడు "పట్టుకున్నావా?" అని అడిగి, "పట్టుకున్నా" అని వినిపించాకే అడుగు వేయాలి. నేనెవరినీ ఏదీ అడిగే మనిషిని కాదు, అడక్కుండానే ఎక్కేశాను.

"ఓ తమ్మీ, దిగు! నోట్ల నాలుక లేదా? జర అడిగితే నీ సొమ్మేం పోతది?" అంది అక్క. అందరూ నవ్వారు, అదీ నాకు గుర్తే. దిగి అడిగాను. "పట్టుకున్నా అన్నా" అన్నది ఎవరనుకున్నారు, దానియేలే!

సగంలో చిక్కుకుపోయాను, పైకి పోలేను, కిందికి రాలేను. "ప్రభువా, నాకెవరూ లేరు, నువ్వైనా పలుకు!" అని ఏడ్చాను.

"చేతులు వదిలెయ్ అన్నా, నేనున్నా" అని కిందినుంచి దానియేలు పలికాడు.

"జ్వరమొచ్చినప్పుడు ఎక్కడున్నావ్?" అని అక్కడినుంచే అరిచాను.

అతను తాడు ఇంకా బిగించాడు. "తప్పు నాదే అన్నా. ఇప్పుడు మాత్రం వదలను."

వదిలాను, సహోదరులారా! తాడు నన్ను మోసింది! దిగి చూస్తే అతని అరచేతులు ఎర్రగా కందిపోయాయి, ఆ మధ్యాహ్నం అతని డబ్బాలో అన్నమే తిన్నాను, ఆ శనివారం తాగలేదు, ఇవాళ్టిదాకా తాగలేదు, దేవునికి స్తోత్రం! ఒంటరితనం మొత్తం పోయిందని అబద్ధం చెప్పను, కానీ ఇప్పుడు నోరు తెరిచి తోడు అడుగుతాను, అది ప్రభువు చేసిన పనే.

హాస్టల్ గదుల్లో మూగబోయిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆయనను నమ్మి రండి! కానీ ఎక్కడికి రమ్మనను? దెబ్బలు తగులుతాయని సంఘ పెద్దలు ఈ బండలెక్కడాన్ని ఆపించేశారు. మార్తక్క ప్రతి ముడీ రెండుసార్లు చూస్తుంది, ఇంతవరకు ఎవరికీ గీత కూడా పడలేదు. తలుపు వెనక తగిలే దెబ్బలు ఎవరు చూస్తున్నారు? ఈ వేసవికి మన యువజనులను బండల దగ్గరికి పంపుతారా, పంపరా? పెద్దలారా, వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి నాకు జవాబు చెప్పండి.