తలుపు పక్క కండక్టర్ కుర్చీ

మా పక్కింటి కండక్టర్ గారు పోయారన్న వార్త గత నెలలో ఒక శుక్రవారం ఉదయం వికారాబాద్ ఆసుపత్రి నుంచి వచ్చింది. ఛాతీలో మంటగా ఉన్నదని, ముందురోజు మధ్యాహ్నం, భార్యను మాకు అప్పగించి, తాను పనిచేసిన డిపో బస్సులోనే కూతురి వెంట వెళ్లిన మనిషి. ఫోను చేసింది ఆ కూతురే. ఆమె గొంతులో ఏడుపు లేదు. "సార్, నాయిన పోయిండు. నేనొచ్చేదాక అమ్మకు ఎవ్వరినీ చెప్పనియ్యకుండ్రి" అన్నది. ఆ మాటలోని భయం ఏమిటో తాండూరులో మా వీధివారందరికీ తెలుసు. దుఃఖానికంటే ముందుగా మమ్మల్ని పట్టుకున్న ప్రశ్న ఒకటే: ఇకమీదట ఆమెకు అన్నం ఎవరు పెడతారు?

కండక్టర్ గారి భార్యను నేను చెల్లెమ్మ అంటాను. కొన్నేళ్లుగా ఆమెకు మతిమరుపు జబ్బు. మనుషుల ముఖాలు ఆమె మనస్సులో నిలవవు. కన్నబిడ్డను సైతం ఎవరో వచ్చిపోయే ఆడమనిషి అనుకుంటుంది. నిలిచిన ముఖం భర్తది ఒక్కటే. ఆయన చేతి ముద్ద తప్ప మరొకరిది నోట పెట్టేది కాదు. ఆయన కంచం తెచ్చి, బస్సు కదలమన్నట్టు మెల్లగా "రైట్" అంటేనే నోరు తెరిచేది. కొడంగల్‌లో కాపురముంటున్న కూతురు వచ్చినప్పుడల్లా, ఆ పని తనకూ నేర్పమని అడిగేది. "నా డ్యూటీ ఇంక అయిపోలె బిడ్డా" అంటూ ఆయన కంచం తన వైపు లాక్కునేవారు. అంత సాత్వికుడిలో నేను చూసిన మొండితనం అదొక్కటే.

ఆయనను తలచుకోవాలంటే ఆదివారం సాయంత్రాలను తలచుకోవాలి. ఆ పూట నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల రొద ఆగి, వీధి మీది రాతిదుమ్ము కొంత అణగేది. ఆయన ముందుగదిలో బండపరుపు మీద ఇరుగుపొరుగు వాళ్లం చేరి, నవ్వు పుట్టించే అపరాధ పరిశోధక ధారావాహిక ఒకటి చూసేవాళ్లం. అందులో డిటెక్టివ్ పేరు మారదు, చేతిలోని నల్లగొడుగు మారదు. వేషం కట్టే నటుడు మాత్రం మారుతుంటాడు. చెల్లెమ్మ మంచం మీద ఉండేది. తలుపు పక్కన, మంచానికి చేయి అందే దూరంలో, ఒక ఇనుప కుర్చీ కండక్టర్ గారిది. కొలువు ముగిసినా తలుపు పక్కన కూర్చుంటే తప్ప తనకు ఊపిరాడదనేవారు. తెలియక మరెవరైనా దానిలో కూర్చుంటే చెల్లెమ్మ కసిరి లేపేది.

మొదటి నటుడు స్థూలకాయుడు, నిదానస్థుడు. దొంగ పారిపోతుంటే ఈయన చేతిలోని మిరపకాయ బజ్జీ ముగించి మరీ లేచేవాడు. చెల్లెమ్మ అది చూసి పకపక నవ్వేది. ఒక వారం ఆ స్థానంలో సన్నని యువకుడు గోడ దూకుతూ కనిపించాడు. ఆ బజ్జీల మనిషి ఎలాగో చెల్లెమ్మ మనస్సులో నిలిచినట్టున్నాడు, ముఖం బిగించింది. "ఆయనేడి?" అన్నది. ఎదురింట్లో ఉండి పాలిషింగ్ యూనిట్ నడిపే పెద్దమనిషి ఏమీ ఆలోచించకుండా, "పాతాయన సచ్చిండని కథల చెప్పిండ్రు గదమ్మా" అన్నాడు.

ఆమె సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది. ఆ రాత్రి భర్త చేతి ముద్దకు కూడా నోరు తెరవలేదు. మర్నాడు మధ్యాహ్నం కూడా అంతే. కండక్టర్ గారు, శాస్త్రం చదివినవాడినని, నన్ను పిలిచి, నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. దేహాలు మారతాయనీ దేహి మారడనీ నాకు తెలిసిన వేదాంతమంతా చెప్పాను. భిక్షకు వచ్చినవాడు ఎప్పుడు వెళ్లిపోతాడా అన్నట్టు ఆమె నా వైపు ఓపికగా చూసింది. అప్పుడు ఆయన మంచం మీదికి వంగి, "ఆయన యాడికి పోలే. డ్యూటీ దిగిండు. ఇగ ఈయన ఎక్కిండు" అన్నారు.

ఆమె ఆయన వైపు తిరిగింది. "బస్సు గదేనా?"

"గదే బస్సు. నువ్వు సీట్లకెల్లి లేవొద్దు."

ఆమె నోరు తెరిచింది.

దూరం పోయే బస్సు డిపో ఉన్న ఊళ్లో ఆగినప్పుడు, వచ్చిన కండక్టరు సంచీ సర్దుకొని, లెక్క అప్పగించి, అంటే చార్జి ఇచ్చి, దిగిపోతాడు, కొత్తవాడు ఎక్కుతాడు, ప్రయాణికులు కదలనక్కరలేదు. భర్త నోట జీవితమంతా విన్న ఆ డ్యూటీ మాట ఒక్కటి, పేర్లూ ముఖాలూ చెరిగిపోయిన ఆ మనస్సులో చెరగకుండా మిగిలింది. ఆనాటినుంచి ఆ గదిలో ఎవరి గురించీ పోయాడనే మాట అనరాదని ఆయన కట్టడి చేశారు.

ఆ నటుల మీద మా తర్కానికి మాత్రం కట్టడి లేదు. మొదటివాడే అసలైన నాయకుడు, ధీరుడైనవాడు తొందరపడడు. రెండవవాడు నాయకుడి అంగీ తొడుక్కున్న విదూషకుడు అని నా వాదం. ఎదురింటాయనకు రెండవవాడే ముద్దు. పాతాయన బజ్జీ తినే లోపల దొంగ కర్ణాటక దాటి పోతాడని ఎత్తిపొడిచేవాడు. మూడవసారి ఆ గొడుగు ఒక నటి చేతికి వచ్చినప్పుడు మేమిద్దరం ఒక్కటై పెదవి విరిచాం. కండక్టర్ గారు నవ్వి, "మా డిపోల ఆడపిల్లలు టికెట్లు కొడుతున్నరు. ఈమె దొంగను పట్టొద్దా?" అన్నారు. మరి మీకు ముగ్గురిలో ఎవరు నచ్చారని నేను నిలదీస్తే, "మీరు ఎక్కినోళ్లను చూస్తరు సార్. నేను కూసున్నోళ్లను చూస్త" అన్నారు. ఆయన చూపు నిజంగానే తెర మీద ఉండేది కాదు. చెల్లెమ్మ నవ్విందా లేదా, అదొక్కటే ఆయన అభిప్రాయం.

ఆ శుక్రవారం సాయంత్రం ఆయనను ఇంటికి తెచ్చినప్పుడు చెల్లెమ్మ చూసింది. "డ్యూటీకెల్లి వచ్చి పండుకున్నడు, లేపకుండ్రి" అన్నది. మోసుకుపోతుంటే మాత్రం గుమ్మం దాకా వచ్చి నిలబడింది. గురువారం మధ్యాహ్నం ఆయన వెళ్లినప్పటి నుంచి మూసిన నోరు ఆ తరువాతా తెరవలేదు. శనివారం చెంబు తానే ఎత్తి నీళ్లు తాగింది, అంతే. కూతురు ముద్ద కలిపి తెస్తే చేయి విసిరి కొట్టింది. పప్పన్నం గోడకు చిందింది. ఆదివారం పొద్దున వచ్చి చూసిన డాక్టరు, రేపటికీ తినకపోతే వికారాబాద్ తీసుకుపోయి ముక్కులో గొట్టం వేయించాలన్నాడు. ఆ చేతులను మంచానికి కట్టకుండా గొట్టం నిలవదని మాకందరికీ తెలుసు. డాక్టరును సాగనంపి వచ్చి కూతురు నా దగ్గర నిలబడింది. "ఆసుపత్రిల నాయినకు మాట రాలే సార్. నాకు చార్జి ఇయ్యకుండనె పోయిండు" అన్నది.

సాయంత్రం ఆ ధారావాహిక వేళకు కూతురు లేచి టీవీ పెట్టబోయింది. చుట్టాలలో గుసగుసలు మొదలయ్యాయి. చావింట్లో టీవీ ఏమిటని కొడంగల్ నుంచి వచ్చిన ఆమె అత్తగారు పైకే అన్నది. అందరూ నా వైపు చూశారు. ఆశౌచంలో ఏది తగును, ఏది తగదు అని మా వీధిలో అడిగేది నన్నే. కూతురు కూడా బటన్ మీద వేలు ఉంచి నా కోసమే ఆగింది. "పెట్టమ్మా" అన్నాను.

తెర మీద ఆ నటి నల్లగొడుగు ఊపుకుంటూ నడిచి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. చెల్లెమ్మ కళ్లు తెర మీద కాసేపు ఉండి, తలుపు పక్కన ఖాళీగా ఉన్న ఇనుప కుర్చీ మీదికి మళ్లాయి. "ఈయనేడి?" అన్నది.

కూతురు కంచంతో మంచం ముందు నేల మీద కూర్చున్నది. "అమ్మా, నాయిన డ్యూటీ దిగిండు. ఇగ నేను ఎక్కిన."

చెల్లెమ్మ ఆమెను ఆపాదమస్తకం పరిశీలించింది. గుర్తుపట్టిన చూపు కాదది. కొత్తగా ఎక్కిన సిబ్బందిని ప్రయాణికులు చూసే చూపు. "చార్జి ఇచ్చిండా?" అని అడిగింది.

కూతురు చేతిలోని కంచం కొంచెం వంగింది. ఆమె నా వైపు చూడలేదు. "ఇచ్చిండు" అన్నది.

ఏ సందర్భంలో ఏ మాట సత్యమవుతుందో, ఏది కాదో విచారించే శాస్త్రం నేను జీవితమంతా చదివాను, ఇతరులకు చెప్పాను. ఆ సాయంత్రం దాని జోలికి పోలేదు. ఆ పిల్ల అబద్ధమాడిందని ఈనాటికీ అనుకోలేకపోతున్నాను.

చెల్లెమ్మ చేయి చాచి తలుపు వైపు చూపింది. "మరి కింద కూసున్నవేంది? గాడ కూసో."

కూతురు లేచి తండ్రి కుర్చీలో కూర్చున్నది. ముద్ద కలిపి, ఎత్తి, ఆయన అన్నట్టే మెల్లగా "రైట్" అన్నది. చెల్లెమ్మ తెర వైపు ముఖం తిప్పుకొని, కుదుపుకు తూలకుండా ఒక చేత్తో మంచం కడ్డీని గట్టిగా పట్టుకొని, నోరు తెరిచింది.