నిన్నటి పేజీ

గూడూరు స్టేషన్లో నేను స్పృహ తప్పి పడిపోయానని, ఎవరో ఆడమనిషి నీళ్ళు చల్లి లేపిందని మా ఆడబిడ్డ అందరికీ చెబుతుంది. ఆడబిడ్డ అసలు అక్కడ లేదు. నేను పడలేదు, ఏడవనూ లేదు.

మా ఆయన మెడలో గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వెబ్‌సైట్‌లో పెట్టి మూడు రోజులైందని ఆసుపత్రివాళ్ళు ఫోన్‌లో అంటారు. నేనెప్పుడు తెరిచినా ‘ఇంకా సిద్ధం కాలేదు’ అనే ఉంటుంది. ఆ రోజు స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చుని వాళ్ళను నాలుగు దులిపి ఫోన్ పెట్టేశాను.

కాళ్ళ దగ్గర నిమ్మకాయల బస్తా పెట్టుకుని పక్కనే కూర్చున్నామె అంతా విన్నది.

“వాళ్ళనెందుకు తిడతావక్కా? నీ ఫోనే పాత పేజీ దాచిపెట్టుకొని ఉండాది. నాకూ అంతే, పొద్దున్నే నిమ్మకాయల రేటు చూస్తే నిన్నటిదే చూపిస్తాది. దాన్ని నమ్మి అమ్ముకుంటే నా గతేంగాను? అందుకే రోజూ ఆ పాత పేజీల క్యాచీ తుడిచేస్తా.”

“నా ఫోటోలు పోతే నువ్విస్తావా?”

“ఫోటోలేం పోవులే. ఇటియ్యి.”

బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్ళి క్యాచీ తుడిచి, పేజీ మళ్ళీ తెరిచింది. ఒక్క క్షణం చూసింది. ఫోన్ బోర్లించి నా అరచేతిలో పెట్టింది.

“ఇంటికి పోయి చూసుకో అక్కా.”

చెప్పిన మాట వినే అలవాటు నాకు లేదు. అక్కడే తిప్పి చూశాను. క్యాన్సర్ అని ఉంది. నాకేమీ అనిపించలేదు. నెల్లూరు బండి ఎన్నింటికని ఆమెనే అడిగాను, చెప్పింది.

ఆ రిపోర్టంతా ఇంగ్లీషులో ఉంది. ఇంటికి పోయి చూసుకోమని ఆమె అది చదివే అన్నదా, చదవకుండానే అన్నదా?