గాలిమామ కళ్ళు మూసుకుని వెతికేది

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. పంక్చరు షాపు గాలిమామ పెళ్ళాం చేత ఊపిరి బిగబట్టించి చంపేశాడట, ఇప్పుడు ఆ పాపం కడుక్కోవడానికి స్వాముల వేషం కట్టాడట. ఇది ఒక జట్టు మాట. ఇంకో జట్టువాళ్ళేమో అతనికి ఏదో సిద్ధించిందని, నిన్నట్నుంచి టైర్లలో గాలి నిండుగా ఉన్నా కొట్టించుకునే వంకన వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తున్నారు. రెండూ అబద్ధాలే. ఆ రోజు ఆ గదిలోకి అడుగు పెట్టింది నేను. అందుకని చెప్పాల్సిందీ నేనే. ఊరి గొడవలన్నీ నీకెందుకత్తయ్యా అని మా కోడలు దెప్పుతుంది. తెలియకుండా వాగేవాళ్ళకంటే అడిగి తెలుసుకుని వాగేదాన్ని నేను నయం కాదూ?

ముందు షాపు, వెనక ఒక్కటే గది, మధ్యలో గళ్ళ పరదా. అదీ వాళ్ళ ఇల్లు. ఇంట్లో దుప్పటికి కూడా రబ్బరు వాసనే. మనిషి నెమ్మది. ట్యూబుని తొట్టిలో ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ బుడగ ఎక్కడ లేస్తుందా అని కళ్ళార్పకుండా చూస్తాడు. వరసేమీ లేకపోయినా నన్ను అక్కా అంటాడు, వాళ్ళావిడ వదినా అనేది. నోరున్న పిల్ల. నాకు జోడీ.

ఆ పిల్లకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మంచం మీంచి లేచి మంచినీళ్ళ కుండ దాకా వెళ్తే చాలు, కొండెక్కినట్టు ఆయాసం. అప్పుడు కూడా వేళాకోళమే. "ఊరందరి టైర్లకీ గాలి కొడతాడు వదినా, ఇంట్లోదానికి కొట్టడం మాత్రం చేతకాదు" అని నవ్వి, ఆ నవ్వుకే మళ్ళీ ఆయాసపడేది.

మందులతో పాటు నిదానంగా ఊపిరి తీసి వదలడం అలవాటు చేసుకోమన్నాడు డాక్టరు. వీధి చివర హాల్లో, మేడ మీద, రిటైరైన డ్రిల్లు మాస్టారు పొద్దున పూట అవే నేర్పుతాడు. పాపం ఆ పిల్ల మెట్లు ఎక్కగలిగితేగా! అందుకని మొగుడు వెళ్ళి నేర్చుకుని, ఇంటికొచ్చి నేర్పేవాడు. నేనూ వెళ్ళాననుకోండి, ఏం చేస్తారో చూద్దామని. నాకు అబ్బలేదు. కళ్ళు మూసుకుంటే ఎదురింటి అత్తాకోడళ్ళ మాటలు ఇంకా బాగా వినిపించేవి.

కానీ మాస్టారు చెప్పిన మాట ఒకటి నాకు కూడా గుర్తుండిపోయింది. "ఊపిరి లోపలికి వస్తుంది, బయటికి పోతుంది. ఆ రెంటికీ మధ్య ఒక చిన్న సందుంది. అందులో ఊపిరి లేదు, అయినా నువ్వున్నావు. అక్కడ చూస్తూ ఉన్నదెవరో పట్టుకో. అదే ఎరుక. మిగతాదంతా కసరత్తు." మెడలో ఈల ఇంకా తియ్యలేదు ఆయన. గాలిమామ మాత్రం ఆ మాట మంత్రంలా పట్టుకుని ఇంటికెళ్ళాడు.

ఇద్దరూ మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు.

"నేను వదులుతా, నువ్వు పీల్చు" అనేవాడు.

"నువ్వు వదిలింది నేనెందుకు పీల్చాలి? పంక్చరు సొల్యూషన్ కంపు!"

"నోరు మూసుకుని ముక్కుతో పీల్చవే."

"నోరు మూసుకునేదాన్నైతే నిన్నెందుకు కట్టుకుంటాను?"

ఇదీ వాళ్ళ యోగం. అయినా పనిచేసింది సుమండీ. ఆయాసం తగ్గలేదు గానీ ఆయాసం వస్తే వచ్చే భయం తగ్గింది. ఊపిరి అందనప్పుడు "సందు, సందు చూడు" అని అతననేవాడు, ఆ పిల్ల కళ్ళు మూసుకుని చెయ్యి గట్టిగా పట్టుకునేది.

ఆ రోజు కూడా అలాగే కూర్చున్నారు. బయట ఎవడో డెలివరీ బండివాడు, టైరు దిగిపోయిందని కేకేశాడు. వెళ్ళమని ఆవిడే చెయ్యి ఊపింది. "నువ్వు ఊపిరిని చూస్తూ ఉండు, ఇట్టే వస్తా" అని లేచాడు. చిల్లు సన్నది. ఎంతకీ దొరకలేదు. ముంచడం, తిప్పడం, మళ్ళీ ముంచడం. బండివాడు సరదా మనిషి, ఏవో కబుర్లు చెప్పి నవ్వించాడు కూడా. ప్యాచీ అంటించి, గాలి కొట్టి, చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.

నా గిన్నె ఒకటి వాళ్ళింట్లో ఉండిపోతే తెచ్చుకుందామని వెళ్ళాను నేను. పరదా తీశాను. గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని మా మరదలు. ఎదురుగా మఠం వేసుకుని అతను. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. మొహం అంతా నవ్వు.

"ష్... కుదిరింది అక్కా" అన్నాడు గుసగుసగా. "చూడు, ఊపిరి చప్పుడు కూడా లేదు. నాక్కూడా ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు."

పెద్దవాళ్ళని ఎంతమందినో సాగనంపినదాన్ని. నాకు చూడగానే తెలిసిపోయింది. వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, అతని వంక చూశాను. అతనూ నా వంక చూశాడు. ఆ నవ్వు అలాగే కాసేపు మొహం మీద ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

ఇదీ జరిగింది. ఎవరూ ఎవర్నీ చంపలేదు.

తర్వాత మనిషి ఏడవలేదు. అదే ఊరివాళ్ళకి కంటగింపు. ఏడిస్తే చూసి తృప్తిగా ఇళ్ళకి పోదుము కదా! అందరికంటే ముందు హాలుకి వెళ్ళేవాడు, అందరి తర్వాత దిగేవాడు. ఒక పూట అందరి ముందూ మాస్టారుని అడిగాడు.

"ఊపిరి ఆగాక కూడా ఆ చూసేది ఉంటుందా మాస్టారూ? దాంతోపాటే పోతుందా?"

"చెప్తే తెలిసేది కాదు. కూర్చుంటే తెలుస్తుంది."

కూర్చున్నాడు. అంతే. వేషమూ లేదు, పాపం కడుక్కోవడమూ లేదు. ఈ ఒక్క మాట తేల్చుకోవడానికే ఆ మనిషి కూర్చున్నది. షాపు మూతపడింది. తొట్టిలో నీళ్ళు పాచి పట్టాయి. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడేది ఒంటి మీద. చివరికి మాస్టారే హడలిపోయి, "చాలు నాయనా, వెళ్ళి షాపు తెరువు" అన్నాడు. జనం అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టి కాళ్ళకి దణ్ణాలు మొదలుపెట్టారు. నిప్పు తగిలినట్టు కాళ్ళు లాక్కునేవాడు.

నేను మాత్రం, ఆ చూసేది ఉంటుందని తేలితే తేరుకుంటాడనుకున్నాను. ఆ పిల్ల ఎక్కడో ఒకచోట ఉందన్న ధైర్యం చాలదూ మనిషికి?

నిన్న పొద్దున హాలు దిగి వచ్చి షాపు తెరిచాడు. తొట్టి కడిగి కొత్త నీళ్ళు పోశాడు. సిద్ధించిందహో అని వీధంతా గుప్పుమంది. నేను చీర చెంగు దోపుకుని తిన్నగా వెళ్ళి అతని ఎదుట నిలబడ్డాను. ట్యూబు ముంచి చూస్తున్నాడు.

"ఒరే తమ్ముడూ, నా దగ్గర దాపరికం వద్దు. నువ్వు వెతికింది దొరికిందా?"

నీళ్ళలోంచి ఒక బుడగ లేచింది. ఆ చోటు వేలితో అదిమిపట్టి, తలెత్తకుండా అన్నాడు.

"దొరికింది అక్కా. ఊపిరి ఆగుతుంది, చూసేది ఆగదు. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం."

"మరింకేంరా! మా మరదలు ఎక్కడికీ పోలేదన్నమాటేగా?"

"పోలేదు. పరదా ఇవతల నేను బండివాడితో నవ్వుతుంటే వింటూనే ఉంది. తర్వాత నేనెళ్ళి ఎదురుగా కూర్చుని, భలే కుదిరిందని మురిసిపోయాను చూడు, అది కూడా చూస్తూనే ఉంది అక్కా."