తాతయ్య చేసిన మొదటి తాళంచెవి

నా చిన్నప్పుడు, ఒక ఆదివారం ఉదయం తొమ్మిదింబావుకు, మా పక్కింటి అక్క తలంటుకోవడానికి పెరట్లోని స్నానాల గదికి వెళ్ళింది. ఆ వేళ నాకు ఇంత ఖాయంగా ఎందుకు తెలుసంటే, ఆమె వెళ్తూ మా గుమ్మంలో ఆగి టైమెంతైందని అడిగింది. గడియారం చూసి చెప్పింది నేనే. ఆదివారం ఆదివారం ఆమె తలంటుకునేది. జుట్టు ఆరాక నన్ను మెట్టు మీద కూర్చోబెట్టుకుని నాకు జడ వేసేది. ఆ రోజు కూడా వేసింది. ఈ రెండింటి మధ్యా మా ఇంటి వసారాలో ఒక పని జరిగింది. చేసింది మా తాతయ్య.

మేము కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, గని గుమాస్తాలకు ఇచ్చిన ఇళ్ళలో ఉండేవాళ్ళం. రేకుల కప్పు, ముందు వసారా, వెనక చిన్న పెరడు, అన్నీ ఒకే వరస. పక్కింట్లో దగ్గినా మా ఇంట్లో వినిపించేది. తాతయ్య గని స్టోర్స్‌లో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు తాళాల పిచ్చి. అండర్సన్‌పేట సంతలో పాత ఇనుము అమ్మేవాళ్ళ దగ్గర చెడిపోయిన తాళాలు ఏరుకొచ్చేవాడు. వాటిని విప్పి, కిరసనాయిలులో కడిగి, మళ్ళీ బిగించి, టక్కుమని పడుతుందో లేదో చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. అమ్మడానికి కాదు. ఇతరులు పేకాడినట్టు ఆయన తాళాలతో కాలక్షేపం చేసేవాడు.

మా వసారాలో తలుపు వెనక గోడకు వరసగా మేకులు ఉండేవి. వీధిలో ఎవరు ఊరికి వెళ్ళినా తాళంచెవి మా ఇంట్లో ఇచ్చి వెళ్ళేవాళ్ళు. పెళ్ళికి పోయినా, కురుడుమలె వినాయకుడికి మొక్కు తీర్చడానికి పోయినా, ముందు మా గుమ్మం దగ్గరికి వచ్చి చెవి ఇచ్చి, పాలవాడికి చెప్పమనో, తులసికి నీళ్ళు పోయమనో చెప్పేవాళ్ళు. ఏ మేకుకు ఎవరి చెవి ఉందో ఎక్కడా రాసి ఉండేది కాదు. తాతయ్యకు తెలుసు. ఆ మేకులంటే ఆయనకు గర్వమని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో అవి మాకు గోడలో భాగమే.

రాబర్ట్‌సన్‌పేటలో తాళాలు బాగుచేసే ఒక ముసలాయన చూపు తగ్గి అంగడి మూసేస్తున్నాడని తెలిసి తాతయ్య వెళ్ళాడు. ఆయన దగ్గర కీ మిషన్ ఉంది. ఒక పట్టులో అసలు చెవి, ఇంకో పట్టులో కోత పెట్టని ఇత్తడి చెవి బిగించి, చక్రం తిప్పుతూ జరిపితే దీని పళ్ళు దానికి వస్తాయి. తాతయ్య వెంటనే కొనలేదు. నన్ను వెంటబెట్టుకుని చాలా సార్లు వెళ్ళాడు. చక్రం పళ్ళు అరిగాయేమోనని గోటితో చూశాడు. మా వాకిలి చెవి ఇచ్చి దానికి జత చేయించి, ఇంటికి తెచ్చి తిప్పి చూశాడు. అంగడాయన కూడా దాచలేదు. ఎడమ పట్టు కొంచెం వదులని, వెంట్రుకంత లోతు తగ్గించి కోయాలని, లేకపోతే చెవి లోపలికి పోతుంది గాని తిరగదని చెప్పాడు. ఆ మిషన్ జట్కాలో మా ఇంటికి వచ్చింది. అవ్వ దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఉండేది ఒక వాకిలి. దానికి ఇంగ మిషన్ కూడా కావాలనా?" అంది.

వీధిలో వాళ్ళు వచ్చి చూశారు, నవ్వారు. "మీ ఇంట్లో మిషన్ ఉంటే ఇంగ మాకు బీగాలెందుకు సామీ, తలుపులు తీసిపెట్టి నిద్రపోతాం," అన్నాడు ఎదురింటి ఆయన. తాతయ్య కూడా నవ్వాడు. ఆ తరువాత ఒక్కొక్కరే వచ్చి తమ చెవులు తీసుకెళ్ళారు. తమ్ముడు వచ్చి ఉంటాడని ఒకరు, తాళం మార్చామని ఒకరు చెప్పారు. ఎవరూ మాట తూలలేదు. ఊరికి వెళ్ళేవాళ్ళు మా గుమ్మం ముందు నుంచే బస్సుకు వెళ్ళారు. కొన్నాళ్ళకు మేకులు మాత్రం మిగిలాయి.

తాతయ్య రోజూ మిషన్‌కు నూనె వేసి తుడిచేవాడు. మా వాకిలి తాళానికే జత మీద జత చేశాడు. ఇంట్లో మనుషులకంటే చెవులు ఎక్కువయ్యాయని అవ్వ అసలు చెవిని బియ్యం డబ్బాలో దాచింది. బయటివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు చెవి చేసిపెట్టమని రాలేదు. ఆయన పొద్దున్నే చొక్కా వేసుకుని వసారాలో మిషన్ పక్కన కూర్చునేవాడు. ఎవరైనా వస్తారేమోనని వీధి వైపు చూసేవాడు. ఆ చూపు నాకు బాగా గుర్తు.

ఆ ఆదివారం వచ్చింది పక్కింటి అక్క వాళ్ళ అన్న. పెద్ద ఉద్యోగం లేదు, బంగారుపేటలో స్నేహితులతో తిరిగేవాడు. చేతిలో చిన్న ఇత్తడి చెవి ఉంది. "పెట్టె చెవి తాతా. ఒకటే ఉండాది, పోతే కష్టం. కొంచెం బిర్నా చేసియ్యి," అని తొందరపెట్టాడు.

తాతయ్య ముఖం అంత వెలిగి ఉండగా నేను అంతకుముందు చూడలేదు. నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. చెవిని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక క్షణం ఆగాడు. ఆ ఆగడం నేను చూశాను, కాని చిన్నదాన్ని, పళ్ళు లెక్కపెడుతున్నాడనుకున్నాను. తరువాత బిగించాడు, కోశాడు, ఆకురాయితో అంచులు రుద్దాడు. వెంట్రుకంత లోతు తగ్గించడం ఎలాగో నాకు వివరించాడు. ఆ అబ్బాయి పెరటి వైపు చూస్తూ నిలబడ్డాడు. రెండు చెవులూ ఇచ్చాక తాతయ్య డబ్బులు వద్దని, పట్టకపోతే మళ్ళీ తెమ్మని వీధి మెట్టు దాకా వెళ్ళి చెప్పాడు.

కాసేపటికి అక్క తల ఆరబెట్టుకుని వచ్చింది. నాకు జడ వేస్తూ వంగినప్పుడు, ఆమె మెడలో నల్లదారానికి వేలాడే చెవి ఎప్పటిలాగే నా వీపుకు తగిలింది.

అక్క వాళ్ళ అమ్మ అంతకు ఏడాది ముందే పోయింది. ఆమె చెవికమ్మలు అక్క ఒక రేకు పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. వాటిని పెట్టుకునేది కాదు. అమ్మ తద్దినం నాడు ఒక్క రోజు పెట్టుకుంటానని నాకు చెప్పి, ఒకసారి తీసి చూపించింది కూడా. చిన్న కెంపులు, ఒకదానికి రాయి పోయింది. అమ్మ ముఖం తనకు మెల్లగా మరుపుకు వస్తోందని, ఆ కమ్మలు చూస్తే మళ్ళీ కనిపిస్తుందని అంది. తలంటుకునేటప్పుడు మాత్రం దారం తడుస్తుందని చెవిని స్నానాల గది బయట కొక్కానికి తగిలించేది.

తద్దినం రోజు పొద్దున ఆమె పెట్టె తెరిచింది. తాళం చెక్కుచెదరలేదు. కమ్మలు లేవు.

ఆమె ఏడుపు గోడ అవతలి నుంచి మాకు వినిపించింది. వీధి వీధంతా వాళ్ళ వాకిట్లో చేరింది. వంటకు వచ్చిన బంధువులు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చారు. అందరికంటే గట్టిగా మాట్లాడింది వాళ్ళ అన్నే. "బీగం పగల్లేదు. అంటే ఇంగో చెవి ఉండాది. చెవులు చేసే మిషన్ యాడ ఉండాదో నేను చెప్పాలనా?"

తాతయ్య వసారాలో కూర్చుని విన్నాడు. వెళ్ళొద్దని అవ్వ చేయి పట్టుకుంది. ఆయన చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. జనం దారి ఇచ్చారు. ఆయన గడప ఎక్కలేదు. కింద నిలబడి అక్క వైపే చూస్తూ మాట్లాడాడు. తాతయ్య గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"ఆ చెవి నేనే చేసినానమ్మా. ఆదివారం మీ అన్న తెచ్చినాడు. అది ఇంట్లో పడుండే చెవి కాదని చూసినప్పుడే తెలిసింది నాకు. ఒంటి మీద ఉండే చెవికి అంచులు నున్నగా అరిగి ఉంటాయి. దారం మరక కూడా ఉండింది. ఎవరిదప్పా అని అడగాలనుకున్నా. అడిగితే ఎత్తుకొని పోతాడేమోనని అడగలే. ఇన్నాళ్ళకి ఒకడు చెవి తెచ్చినాడు గదా అని సంతోషం."

ఆయన అంతటితో ఆపాడు. మన్నించమని అడగలేదు. అడిగే హక్కు లేదనుకున్నాడేమో. జనంలో ఎవరో "పెద్దాయన ఒప్పుకున్నాడు పాపం" అన్నారు. ఆ మాట తిట్టుకంటే ఎక్కువ తగిలింది నాకు. వాళ్ళ అన్న అప్పటికే జనం వెనక నుంచి జారుకున్నాడు. అక్క "అవి మా అమ్మవి తాతా," అంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం వాళ్ళ నాన్న బంగారుపేట వెళ్ళి వచ్చాడు. కొడుకు అమ్మిన అంగట్లో కమ్మలు అప్పటికే కరిగించారు.

తాతయ్య మిషన్ మీద గోనెసంచి కప్పాడు. నేను అక్క దగ్గరికి వెళ్ళడం మానేశాను. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు, నాకే మొహం చెల్లలేదు. అమ్మ హడావిడిగా వేసిన వంకర జడతో బడికి వెళ్ళేదాన్ని. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి తాతయ్య పట్టకారుతో గోడ మేకులు పీకుతున్నాడు. ఎంత లాగినా ఒకటి మాత్రం రాలేదు. గోడ పెచ్చులు ఊడుతున్నాయని అవ్వ కేక వేస్తే దాన్ని వదిలేశాడు.

ఆ తరువాత వర్షాలు వచ్చాయి. అక్కకు కోలారులో టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. హాస్టల్‌కు బయలుదేరే రోజు పొద్దున మా వసారాలోకి వచ్చింది. ఇంట్లో వదిలి వెళ్తున్న పెట్టెకు కొత్త తాళం కొన్నానని, దానికి రెండు చెవులు వచ్చాయని చెప్పి, ఒకటి తాతయ్య ముందు పట్టుకుంది.

"ఇది మీ కాడ ఉండనీ తాతా. మా ఇంట్లో ఉంటే మా అన్న చేతికి పోతాది."

"నా కాడనా అమ్మా?" అన్నాడు తాతయ్య. చేయి చాపలేదు.

"మీరైతే ఇంగ అడక్కుండా ఎవరికీ ఇయ్యరు గదా," అంది.

అది ఎత్తిపొడుపో, నమ్మకమో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. రెండూ కావచ్చు. ఆయన తీసుకోకపోయేసరికి ఆమే వెళ్ళి మిగిలిన మేకుకు చెవి తగిలించింది. తరువాత నన్ను పిలిచి మెట్టు మీద కూర్చోబెట్టి నా జడ విప్పి మళ్ళీ అల్లింది. బస్సుకు టైమవుతోందని వాళ్ళ నాన్న పిలుస్తున్నా పూర్తిగా అల్లి రిబ్బను కట్టింది. తాతయ్య లోపలి గదిలోకి వెళ్ళాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా బయటికి రాలేదు.

ఒకసారి వాళ్ళ అన్న వచ్చి, చెల్లెలు తెమ్మందని ఆ చెవి అడిగాడు. తాతయ్య కుర్చీలోంచి లేవకుండా, "ఆ అమ్మాయినే రానీప్పా," అన్నాడు. అంతే. అక్క సెలవుల్లో వచ్చినప్పుడు తానే చెవి తీసుకునేది, వెళ్ళేటప్పుడు తానే తగిలించేది. గోనెసంచి మాత్రం తాతయ్య బతికుండగా మళ్ళీ తీయలేదు. అంత వెతికి, అంత పరీక్షించి కొన్న ఆ మిషన్ మీద ఆయన బయటివాళ్ళకు చేసింది ఒకే ఒక్క చెవి.

తాతయ్య పోయాడు. గనులు మూతపడ్డాయి. పక్కిళ్ళవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు, మేము అదే ఇంట్లో ఉండిపోయాం. అక్క మాలూరులో టీచరుగా చేసి అక్కడే స్థిరపడింది. పోయిన నెల ఆమె చనిపోయిందని తెలిసి వెళ్ళాను. ఆ చెవి వెంట తీసుకెళ్ళాను. ఆ రేకు పెట్టె తుప్పుపట్టి ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయిందని, చెవి నన్నే ఉంచుకోమని వాళ్ళ అమ్మాయి చెప్పింది. తెచ్చి మళ్ళీ మేకుకు తగిలించాను.

మొన్న ఒక కుర్రవాడు వచ్చి ఆ మిషన్ కొనుక్కున్నాడు. మాలూరు ఫ్యాక్టరీలో ఉద్యోగమట, తాళాలు విప్పి బిగించడం సరదా అట. చక్రం పళ్ళు గోటితో చూశాడు. అచ్చం తాతయ్యలాగే. ఎడమ పట్టు వదులని చెప్పాను. చెవి ఎవరు తెచ్చినా ఎవరిదని అడగమని కూడా చెప్పాను. అడుగుతాను మేడమ్ అన్నాడు, మర్యాదకు.

నేను మాత్రం ఇప్పటికీ అడుగుతాను. ఎవరైనా నా చేతిలో ఏదైనా పెడితే, అది ఎవరిదని అడక్కుండా తీసుకోలేను. మా పిల్లలకు అది చాదస్తంగా ఉంటుంది. ముఖ్యంగా నాకు సంతోషంగా ఉన్నప్పుడు, ఇంకోసారి అడుగుతాను.

మా వీధిలో ఇప్పుడు కొత్త ఇళ్ళు వచ్చాయి. ఊరికి వెళ్ళేవాళ్ళు ఎవరూ తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళరు.